సీతారాములు చేసిన రోస్టు

ఆ రోజు పొద్దున సీతారాములు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఒక కోడి, ఒక మూకుడు, ఒక మూత. కోడిని మూకుట్లో నడుమ పెట్టడం, చుట్టూ కూరగాయలు పేర్చడం, వెన్న రాసి ఉప్పూ మిరియాలూ చల్లడం, కింద కొన్ని నిప్పులు, మూత మీద కొన్ని నిప్పులు. ఆ తర్వాత వేపచెట్టు కింద కూర్చుని బీడీ కాల్చుకోవడం. దొరలు దీన్నే రోస్టు అంటారు. కలిపే పని కూడా లేని ఈ వంటకు నాగపూరు నుంచి ఖాన్సామా అనే వంటవాణ్ణి రప్పించడం ఎందుకో పదకొండేళ్లుగా సీతారాములుకు అర్థం కాలేదు. అర్థం కాలేదని ఆయన సంతలో అందరికీ చెప్పాడు కూడా.

బస్తరు సంస్థానంలో, దొరలు దిగే భోపాల్‌పట్నం బంగళాకు ఆయన చౌకీదారు. పదకొండేళ్లూ వంటింటి గుమ్మంలో నిలబడి ఖాన్సామా పనితనం చూశాడు. ఆ ఖాన్సామా మోకాళ్ల నొప్పులు పడలేక, పోయిన వానాకాలంలో ఇంటికి వెళ్లిపోయాడు. అదే వానాకాలంలో చౌకీదారు గుడిసె కూలింది. సీతారాములూ ఆయన భార్య భద్రమ్మా సామాను నెత్తిన పెట్టుకుని ఖాన్సామా గదిలో చేరారు. పెంకుల కప్పు, గచ్చు నేల, తలుపుకు గొళ్లెం. వాన పడుతుంటే లేచి కారే చోటల్లా గిన్నెలు పెట్టకుండా భద్రమ్మ హాయిగా పడుకున్నది పెళ్లయిన ఇరవై ఏళ్లలో ఆ ఒక్క ఏడాదే. అయితే ఆ గది ఖాన్సామా పనికి చెందినది. ఆ పని ఎవరికి వస్తే గది వాళ్లది.

అందుకే పొద్దున్నే కచేరి జవాను మాసా వచ్చి చెప్పిన కబురు చిన్నదేమీ కాదు.

"అడవులు చూసే జంగలాత్ దొర వస్తున్నడు, బీజాపూర్ నుంచి గుర్రం మీద. సాయంత్రానికల్లా దిగుతడు. రోస్టు కావాల్నట. నాయబు తాసీల్దారు గారు చెప్పమన్నరు, దొరకు నచ్చితే ఖాన్సామా పని నీదే. నచ్చకపోతే జగదల్‌పూర్ నుంచి మనిషొస్తడు, నువ్వు గది ఖాళీ చేసుడే."

"నచ్చకపోవుడేంది? నేను చేసిన రోస్టు తిన్న దొర మళ్ల విలాయతు పోనంటడు చూడు" అన్నాడు సీతారాములు.

లోపల బియ్యం చెరుగుతున్న భద్రమ్మ చేట దించింది. "ఇంతకుముందు ఎన్ని చేసినవయ్యా?"

"పదకొండేండ్లు చూసిన."

"నేను గా గుర్రాలను పదకొండేండ్ల నుంచి చూస్తున్న. ఎక్కమంటవా?"

సీతారాములు ఆ మాట విననట్టు పెరట్లోకి వెళ్లాడు. కోడి ఉంది. గుమ్మడికాయ ఉంది, గెనుసుగడ్డలు ఉన్నాయి, ఉల్లిగడ్డలు ఉన్నాయి. లేనిది చిక్కుడుకాయ ఒక్కటే. ఆయన దడి మీది తీగకు ఇంకా పూతే తప్ప కాత లేదు. ఖాన్సామా రోస్టులో మూకుడు అంచు పొడుగునా చిక్కుళ్లు వరసగా, పచ్చగా పడుకుని ఉండేవి.

"చిక్కుళ్లు లేకుంటే ఏమైతది? దొరకేం తెలుస్తది?" అంది భద్రమ్మ.

"నాకు తెలుస్తది గద" అన్నాడు సీతారాములు, తువ్వాలు భుజాన వేసుకుని.

అరకోసు, అంటే మైలు దూరంలో గూడెం. ఇరవై మూడు ఇళ్లు, ఇరవై మూడు దడులు, ఏ దడి చూసినా గుత్తులు గుత్తులుగా చిక్కుళ్లు. గూడెం పెద్ద హుంగా ఇంటి ముందు కూర్చుని గొడ్డలికి కామ వేస్తున్నాడు. పూజలు చేసేదీ ఆయనే. సీతారాములు ఆయన్ని మామా అంటాడు, ఆయన అల్లుడూ అంటాడు.

"మామా, దోసెడు చిక్కుళ్లు కావాలె."

"కోయకూడదు అల్లుడూ. ఇంక కొత్తలు చేసుకోలే. పెద్దలకు పెట్టకముందు మా నోట్లెకే పోవు, దొర నోట్లెకు ఎట్ల పోతయ్?"

ఇది ఆ చుట్టుపక్కల అందరూ ఎరిగిన సంగతే. పంట ఏదైనా మొదట చనిపోయిన పెద్దలకు పెట్టి, ఊరంతా కలిసి తినాలి. దాన్నే కొత్తలు అంటారు. అప్పటిదాకా తీగ మీది కాయ తీగ మీదే ఉంటుంది. సీతారాములుకూ తెలుసు. రోస్టు ధ్యాసలో పడి మరిచిపోయి అరకోసు నడిచొచ్చాడు. ఇప్పుడు ఉత్త చేతులతో ఇంటికి పోతే భద్రమ్మ ఏమీ అనదు. ఆమె ఏమీ అనకుండా చూసే చూపు ఆయనకు అస్సలు పడదు.

"మరి కొత్తలు ఎప్పుడు మామా?"

"పున్నమి పోనీ, చూద్దాం. తొందరేముంది?"

"తొందర నాది కాదు మామా, దొరది. మీ కొత్తలు చూడనీకే వస్తున్నడు. మూడు రోజుల సంది గుర్రం మీదనే ఉన్నడు పాపం."

ఆ మాట తన నోటి నుంచి ఎలా వచ్చిందో సీతారాములుకే తెలియదు. వచ్చాక మాత్రం ఫరవాలేదనిపించింది. హుంగా చేతిలో పని ఆపాడు. ఆయన వయసులో చాలామంది దొరలు గూడేనికి వచ్చారు. టేకు చెట్లు లెక్కపెట్టడానికి వచ్చారు, కొట్టిందెవరని అడగడానికి వచ్చారు, బరువులు మోయమని పిలవడానికి వచ్చారు. కూర్చుని తిందామని వచ్చిన దొర ఒక్కడూ లేడు.

"మాతోని తిననీకి వస్తున్నడా?"

"తిననీకే" అన్నాడు సీతారాములు. ఆ ఒక్క ముక్కా నిజం.

హుంగా లేచాడు. లోపలికి వెళ్లి డోలు తెచ్చి నాలుగు దెబ్బలు వేశాడు. "అట్లయితే ఇయ్యాలనే చేద్దాం. అలిసిపోయి వచ్చేటోణ్ణి మళ్ల ఇక్కడిదాక నడిపించుడెందుకు? మేమే బంగళాకొస్తం."

సీతారాములుకు కావలసింది దోసెడు చిక్కుళ్లు. దొరికింది ఇరవై మూడు ఇళ్ల జనం. దారి పొడుగునా హుంగా పద్ధతులు చెబుతూనే ఉన్నాడు. అన్ని ఇళ్ల చిక్కుళ్లూ ఒకే గిన్నెలో పడాలి, ఏ ఒక్క ఇల్లు తప్పినా ఆ ఇంటిని వెలివేసినట్టే. ఒక్కో ఇంటి నుంచి ఒక్కో కోడి. ఆ గిన్నెలో అంతకుముందు ఎవరూ వండి ఉండకూడదు.

"ఇంకొకటి అల్లుడూ. ఇది నేను వండిన అని ఎవ్వరూ అనొద్దు. పెద్దలు వండుతరు, మనం తింటం. ఎవడన్న నేను వండిన అన్నడనుకో, ఇగ అది వాని ఇంటి కూడైపోతది. మిగతా ఇండ్లన్నీ వాని గుమ్మంల అడుక్క తిన్నట్టు. ఇస్తరాకులు అక్కడనే విడిచిపెట్టి అందరూ లేవాలె. తిన్నంక గూడ అనొద్దు, ఎన్నటికీ అనొద్దు."

"దాందేముంది మామా" అన్నాడు సీతారాములు. ఆయన మనసంతా గిన్నె మీద ఉంది.

తన మూకుడు ఒక కోడికే చాలుతుంది, పైగా పాతది. కుమ్మరి ఇల్లు నాలుగు కోసుల అవతల. భోపాల్‌పట్నం మొత్తం మీద ఎవరూ వండని పెద్ద గిన్నె ఎక్కడుందా అని ఆలోచిస్తూ బంగళా వసారా ఎక్కిన సీతారాములుకు, గోడ పక్కన గడ్డి చుట్టి ఉన్న వస్తువు కనిపించింది. దొరల స్నానాల తొట్టి. పోయిన నెల జగదల్‌పూర్ నుంచి బండి మీద వచ్చింది. మందపాటి ఇనుము, లోపల తెల్లటి పూత, కింద పులి పంజాల్లాంటి నాలుగు కాళ్లు. చుట్టిన గడ్డి కూడా ఎవరూ విప్పలేదు.

హుంగా దాని చుట్టూ ఒకసారి తిరిగాడు. "కొత్తదేనా?"

"కొత్తదే మామా."

"దీంట్ల ఎవరన్న వండిన్రా?"

"ఎవ్వరూ ఎన్నడూ వండలే. ఏ దేవుని మీదనన్న ఒట్టు పెడత."

"మరి దేనికి తెప్పించిన్రు?"

"దొరల కోసం" అన్నాడు సీతారాములు. అదీ అబద్ధం కాదు.

పొయ్యిరాళ్లు కూడా అక్కర్లేకుండా గిన్నెకే కాళ్లుండటం హుంగాకు బాగా నచ్చింది. ఎనిమిది మంది మోసి దాన్ని వేపచెట్టు కింద దించారు. భద్రమ్మ గుమ్మంలోకి వచ్చి తొట్టిని చూసింది, జనాన్ని చూసింది, మొగుణ్ణి చూసింది. ఏమీ అనలేదు. చూపు మాత్రం తప్పలేదు. తర్వాత కొంగు బిగించి, "అడుగున బెజ్జం ఉంది, అది ముయ్యకుంటే నెయ్యంతా నేలపాలు" అంది.

నీళ్లు పోవడానికి పెట్టిన ఆ బెజ్జానికి ఒక కర్రమేకు చెక్కి, చుట్టూ పిండి మెత్తి కొట్టారు. ఇరవై మూడు ఇళ్ల ఆడవాళ్లు వరసగా వచ్చి ఒడిలోని చిక్కుళ్లు తొట్టిలో దులిపారు. ఇరవై మూడు కోళ్లు శుభ్రమై వచ్చాయి. అప్పుడు హుంగా, "నీ ఇల్లు ఏం వేస్తది అల్లుడూ?" అని అడిగాడు. సీతారాములు కోడి, గుమ్మడికాయ, గెనుసుగడ్డలు, ఉల్లిగడ్డలు, దొర కోసం దాచిన వెన్న, అన్నీ అందులోకే పోయాయి. పొద్దుటి చిన్న పథకం మొత్తం తొట్టిలో ఒక మూలకు సరిపోయింది.

గుర్రాల కొట్టం మీది రెండు రేకులు విప్పి మూత పెట్టారు. బెజ్జం చోటు వదిలి కింద నిప్పులు, మీద నిప్పులు. సూత్రం ప్రకారం అది రోస్టే. ఒకే గిన్నె, ఒకే మూత, కలిపే పని లేదు. సీతారాములు నడుము మీద చేతులు పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ నిప్పు ఎక్కడ ఎగదోయాలో అందరికీ చెప్పాడు. ఎవరూ వినలేదు. భద్రమ్మ, సన్నే అనే ముసలామె కలిసి వాసన పట్టి ఎక్కడ నిప్పు లాగాలో అక్కడ లాగారు. మధ్యమధ్యలో భద్రమ్మ కింద గిన్నె పెట్టి మేకు కొంచెం వదులు చేస్తే కోడి కొవ్వూ గుమ్మడి రసమూ కలిసిన చిక్కటి పులుసు ధారగా దిగేది. దాన్ని మళ్లీ పైన పోసేది. దొరల తొట్టికి ఆ బెజ్జం ఎందుకు పెట్టారో తనకు ఇప్పుడర్థమైందని సన్నే అంది.

మధ్యాహ్నం దాటాక, ఏర్పాట్లు చూద్దామని జవాను మాసా వచ్చాడు. అతనికి కనిపించినవి ఇవి: బంగళా చుట్టూ వందమంది, మగవాళ్లందరి భుజాన గొడ్డళ్లు, రెండు డోళ్ల మోత, కొట్టానికి కప్పు లేదు, దొర తొట్టి మంటల్లో ఉంది. గొడ్డలి లేకుండా గూడెం మనిషి గడప దాటడని మాసాకూ తెలుసు. కానీ ఆ సమయానికి గుర్తు రాలేదు. అతను వచ్చిన దారినే పరుగెత్తి, ఊరి పొలిమేరలో దొరకు ఎదురువెళ్లి నిలబడ్డ నాయబు వెంకటనారాయణకు ఒకే మాట చెప్పాడు. "బంగళా సామాను తగలబెడుతున్నరు."

అలా దొర సాయంత్రానికి కాకుండా ఇంకాస్త ముందే, ఆరుగురు జవాన్లతో, దుమ్ము కొట్టుకుని బంగళాకు వచ్చాడు. నాయబు గారు కోస్తా మనిషి, జగదల్‌పూర్ మీదుగా ఇక్కడికి బదిలీ అయ్యారు. గూడెం మాట ఆయనకు రాదు. తెలుగులో మాత్రం పళ్లు కొరికారు.

"సీతారాములూ, ఏంటిది?"

"రోస్టు దొరా."

"ఎంతమందికి?"

"ఎంతమందొస్తే అంతమందికి దొరా."

దొర గుర్రం దిగి హిందీలో ఏదో అన్నాడు. నాయబు గారి గొంతు ఇంకా తగ్గింది. "ముందు స్నానం చేస్తారట. కొత్త తొట్టి వచ్చిందని విన్నారట. మూడు రోజుల నుంచి దాని మాటే మాట్లాడుతున్నారట. నీళ్లు కాగాయా?"

"తొట్టి బాగనే కాగింది దొరా" అన్నాడు సీతారాములు.

ఈలోగా హుంగా ముందుకు వచ్చి తమ మాటలో స్వాగతం చెప్పడం మొదలుపెట్టాడు. మా పెద్దలు సంతోషపడ్డారు, మాతో తినడానికి మూడు రోజులు గుర్రమెక్కి వచ్చిన మొదటి దొరవు నువ్వు, అని. సీతారాములు దాన్ని హిందీలోకి మార్చి, మీరు చాలా అలిసిపోయి ఉంటారు, ముందు కూర్చోండి అంటున్నారని దొరకు చెప్పాడు. నా తొట్టి మంట మీద ఎందుకుంది అని దొర అడిగాడు. కొత్త గిన్నె బాగుందంటున్నాడని సీతారాములు హుంగాకు గూడెం మాటలో చెప్పాడు. గూడెం మాట ఒక్కటీ అర్థం కాని నాయబు గారు అటూ ఇటూ తల తిప్పుతూ నిలబడ్డారు. అప్పుడే భద్రమ్మ రేకు పక్కకు జరిపింది.

కోళ్లు ఎర్రగా వేగి ఉన్నాయి. గుమ్మడి ముక్కల అంచులు కరకరలాడేలా మాడాయి, గెనుసుగడ్డల తొక్క పగిలి తేనెరంగు బయటికి వచ్చింది. తొట్టి అంచు పొడుగునా చిక్కుళ్లు వరసగా, మెరుస్తూ పడుకుని ఉన్నాయి. వాసన వసారా దాటి రోడ్డు దాకా పోయింది. దొర స్నానం మాట మళ్లీ ఎత్తలేదు. హుంగా మొదట పెద్దల పేర్లు తలుచుకుని ఆకులో పెట్టి పక్కన ఉంచాడు. తర్వాత దొరను తన పక్కన నేల మీద కూర్చోబెట్టాడు. భద్రమ్మ మేకు లాగి దొర డొప్పలోకి నేరుగా పులుసు పట్టింది. దొర ఆ బెజ్జాన్నీ డొప్పనూ కాసేపు చూశాడు. తిన్నాడు. మళ్లీ అడిగాడు. మూడోసారి అడగకుండా తనే లేచి వెళ్లి పట్టుకొచ్చుకున్నాడు. జవాన్లు లాఠీలు చెట్టుకు ఆనించి బంతిలో కూర్చున్నారు, మాసా కూడా. చివరికి నాయబు గారు కూడా, నిలబడే, ఒక చిక్కుడుకాయ నోట్లో వేసుకున్నారు.

తిని చేతులు తుడుచుకుంటూ దొర ఒక మాట అన్నాడు. నాయబు గారు ఈసారి అందరికీ వినపడేలా తెలుగులోనే అడిగారు.

"ఇంత మంచి భోజనం ఈ టూరులోనే తినలేదంటున్నారు దొరవారు. వండింది ఎవరు? పేరు చెబితే ఇప్పుడే రాసుకుంటారు. ఖాన్సామా పని వాడిదే."

సీతారాములు లేచి నిలబడ్డాడు. జీవితమంతా ఆయన ఈ ప్రశ్న కోసమే ఎదురు చూశాడు. ఛాతీ దానంతటదే ముందుకు వచ్చింది. నోరు తెరిచాడు. బంతిలో తెలుగు వచ్చినవాళ్ల చేతులన్నీ ఆగిపోయాయి, వాటిని చూసి రానివాళ్లవీ ఆగాయి. సన్నే నోటి దాకా తెచ్చిన ముక్క అక్కడే ఉంది. హుంగా తల ఎత్తలేదు. ఒక చేయి నేలకు ఆనించాడు, ఆకు విడిచి లేవడానికి సిద్ధంగా.

ఆ ఒక్క క్షణంలో సీతారాములుకు పెంకుల గది కనిపించింది, వానలో గిన్నెలు పెడుతూ తిరిగే భద్రమ్మ కనిపించింది. ఆయన తొట్టి వైపు చూశాడు. కొత్తల కట్టు సన్నే నోట విన్న భద్రమ్మ అక్కడే మేకు పట్టుకుని నిలబడి ఉంది. తల అడ్డంగా ఒక్కసారి ఊపింది.

"ఎవ్వరూ వండలే దొరా" అన్నాడు సీతారాములు.

"ఎవరూ వండకుండా ఎలా అయింది?"

"అయింది దొరా. అందరూ తెచ్చి ఏసిన్రు, మూత పెట్టిన్రు. అది అయింది."

నాయబు గారు ఆ మాటే హిందీలో చెప్పారు. దొర పెద్దగా నవ్వి పుస్తకం తీసి ఏదో రాసుకున్నాడు. బంతిలో చేతులు మళ్లీ కదిలాయి. హుంగా తన ఆకులోని కోడి తొడ తీసి సీతారాములు ఆకులో పెట్టాడు. అది గూడెం పెద్దకు దక్కే వంతు, ఇంకెవరికీ రాదు. సీతారాములు చేయని పనులు చేశానని ఇన్నేళ్లు చెప్పుకున్నాడు గానీ, ఎప్పుడూ ఇంత గర్వంగా అనిపించలేదు. ఆ రాత్రి భద్రమ్మ మాత్రం సామాను సర్ది మూటలు కట్టి పెట్టింది.

నెల తర్వాత జగదల్‌పూర్ నుంచి ఆర్డరు వచ్చింది. నాయబు గారు మాసాను వెంటబెట్టుకుని వచ్చి వసారాలో నిలబడి చదివారు. భోపాల్‌పట్నం బంగళాలో భోజనం అత్యుత్తమంగా ఉన్నట్టు దొరవారు రాశారు. విచారణలో ఆ భోజనాన్ని ఎవరూ వండలేదని తేలింది. ఎవరూ వండకుండానే ఇంత బాగా అవుతున్నచోట ఖాన్సామా అనవసరం కనుక ఆ పోస్టును ఎత్తివేయడమైనది. ఖాన్సామా రానందువల్ల అతని గది శాశ్వతంగా చౌకీదారు వాడుకలోనే ఉండవలెను.

భద్రమ్మ "శాశ్వతంగ" అన్న మాట రెండుసార్లు చదివించుకుంది. తర్వాత లోపలికి వెళ్లి మూటలు విప్పింది. విప్పుతూ ఏడ్చింది కూడా, ఎవరూ చూడలేదనుకుని.

సీతారాములు సంతోషం పట్టలేక తువ్వాలు భుజాన వేసుకుని సంతకు బయలుదేరాడు. సంస్థానం పుట్టినప్పటి నుంచి ఒక్క పూట వంటతో ఒక పోస్టునే ఎత్తేయించిన మనిషి ఇంకొకడు లేడు. ఉప్పు కొట్టు ముందు పదిమందిని పోగు చేసి గొంతు సవరించుకున్నాడు. "అసలు ఆ రోస్టు ఉంది సూడు..." అని మొదలుపెట్టేసరికి పక్కన గొడ్డలి భుజాన వేసుకుని ఉప్పు కొంటున్న హుంగా కనిపించాడు.

"ఏం అల్లుడూ, ఆ రోస్టు?" అన్నాడు హుంగా.

"బాగ కుదిరింది మామా" అన్నాడు సీతారాములు, అక్కడితో ఆపి.

భోపాల్‌పట్నంలో ఈ కథ తెలియనివాడు లేడు, సీతారాములు నోటి నుంచి విన్నవాడూ లేడు.